వండి చెప్పమన్న చెన్నమ్మ గారు

మా ముత్తాత వేంకటాద్రిరావు గారు మక్తేదారు. పాలమూరు వైపు మూడు ఊళ్ల శిస్తు ధాన్యం ఆయన కొట్టుకు వచ్చేది. మా తాత జనార్దనరావు గారు ఆ ఊళ్లు వదిలి వకీలు వృత్తిలో స్థిరపడ్డారు. చిక్కడపల్లిలో రాతి ఇల్లు కట్టి, దాని ముందు భాగంలో దివాన్‌ఖానా వేయించారు. తగవుపడ్డ ఇరువర్గాలూ కోర్టు మెట్లు ఎక్కే ముందు ఆ గదిలో ఒకసారి కూర్చుని లేచేవారని పెద్దలు చెప్పేవారు. మా నాన్నగారి కాలానికి ఇల్లు నాలుగు వాటాలైంది. నా కాలానికి దివాన్‌ఖానా, దాని వెనక రెండు గదులు, ముత్తాత గారి ఇత్తడి మానిక మిగిలాయి. ధాన్యం కొలిచే ఆ పాత్ర అంచు మీద ఆయన పేరు చెక్కి ఉండేది. చెన్నమ్మ గారి గురించి రాయాలంటే, ఆమె మొదట ఎలాంటి గుమ్మం ముందుకు వచ్చి నిలబడ్డారో చెప్పక తప్పదు.

చెన్నమ్మ గారు పోయిన ఆదివారం కన్నుమూశారు. మూడు రోజులు జ్వరంతో ఉన్నారట. ఆ సంగతి కూడా నాకు తెలియదు. ఆమెతో కలిసి పనిచేసిన సుజాత పొద్దున్నే వచ్చి, మా గేటు పట్టుకుని, "సార్, అమ్మ లేదు" అంది. ఏ అమ్మ అని అడగవలసిన అవసరం రాలేదు. ఆ అమ్మాయిని లోపలికి రమ్మనడం కూడా మరిచిపోయి అలాగే నిలబడ్డాను. ఆమె బతికి ఉండగా నేను ఒక్కసారి కూడా ఆమెను 'గారు' అని పిలవలేదు. ఇప్పుడు రాస్తుంటే ఆ మాట దగ్గర ప్రతిసారీ కలం ఆగుతోంది.

పాలమూరు పల్లె నుంచి పెళ్లయిన కొత్తలో భర్తతో వచ్చి, ఈ చుట్టుపక్కల లేచిన అపార్టుమెంట్లకు ఇటుకలు మోసిన మనిషి ఆమె. భర్త పోయాక అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షలకు చదివే పిల్లల హాస్టళ్లలో వంట చేశారు. లాక్‌డౌన్‌లో నారాయణగూడ కూలీల అడ్డా ఖాళీ అయింది. హాస్టళ్లు మూతపడ్డాయి. అప్పుడు తానున్న బస్తీలో ఇంటింటికీ ఒక డబ్బా ఇచ్చి, పొయ్యి మీద ఎసరు పెట్టే ముందు రోజూ ఒక గుప్పెడు బియ్యం అందులో వేయమన్నారు. శనివారం శనివారం డబ్బాలు తెచ్చి కలిపేవారు. డబ్బాలు బర్కత్‌పుర, దోమలగూడ, అడిక్‌మెట్ దాకా వెళ్లాయి. జనం దాన్ని బియ్యం బ్యాంకు అన్నారు.

ఆమె నా దగ్గరకు వచ్చింది చోటు కోసం. తల మీద కొంగు సరిచేసుకుని, మెట్ల కిందే నిలబడి అడిగారు.

"దొరా, మీ దివాన్‌ఖానా ఉత్తగనే ఉన్నదంట గద. శనివారం ఒక్క పూట ఇస్తరా? బియ్యం ఏరుకొని, ఊడ్చి పోతం."

"ఎవరెవరు వస్తారు?"

"ఇచ్చేటోళ్లొస్తరు, తీస్కునేటోళ్లొస్తరు."

"ఎవరు ఎవరో ఎలా తెలుస్తుంది?"

"తెల్వకుండనే ఉండాలె దొరా. అందుకే పెద్ద గది గావాలె" అని నవ్వారు.

దొరా అన్న ఆ పిలుపు విని నాకు చాలా ఏళ్లయింది. ఒప్పుకున్నాను. మానిక కూడా నేనే తీసి ఇచ్చాను. చెన్నమ్మ గారు దాని మీద పేరు చదవమని పక్కనున్న సుజాతతో అన్నారు. విన్నాక మానికను అటూ ఇటూ తిప్పి చూసి, "మా అవ్వ చెప్తుండె" అన్నారు. ఆ అవ్వ చెప్పినదేమిటో అప్పుడు నేను అడగలేదు.

ఆమె పెట్టిన పద్ధతి ఒక్కటే. ఆ గదిలోకి వచ్చిన ఎవరైనా సరే, కింద కూర్చుని చాట పట్టుకోవలసిందే. పది ఇళ్ల బియ్యం కలిస్తే సన్నవి, దొడ్డువి, పాతవి, కొత్తవి, రేషన్‌వి అన్నీ ఒక కుప్పలో పడతాయి. అలాగే వండితే సగం మెత్తబడుతుంది, సగం పలుకుగా ఉంటుంది. అందుకని రాళ్లు ఏరి, ఏ రకానికి ఆ రకం వీలైనంత వేరు చేసేవారు. బ్యాంకు ఉద్యోగి భార్య, ఇళ్లలో పనిచేసే మనిషి, రిటైరైన పంతులు, పని దొరకని తాపీమేస్త్రీ పక్కపక్కనే కూర్చునేవారు. వెళ్లేటప్పుడు కొందరి చేతుల్లో సంచి ఉండేది, కొందరి చేతుల్లో ఉండేది కాదు. ఎవరూ తలెత్తి చూసేవారు కాదు.

ఒకసారి ఒక పెద్దమనిషి మూడు బస్తాలు ఆటోలో తెచ్చారు. ఒక ముసలమ్మకు సంచి అందిస్తున్నట్టు ఫోటో కావాలన్నారు. చెన్నమ్మ గారు కాదనలేదు. "దిగుదాం సారూ, ముందుగాల జర కూసోండ్రి" అని చాట చేతిలో పెట్టారు. ఆయన గంటసేపు రాళ్లు ఏరారు. కాళ్లు తిమ్మిరెక్కి గోడ పట్టుకుని లేవవలసి వచ్చింది. ఆ తర్వాత ఫోటో తీశారు. అందులో ఇరవైమంది చాటల మీద వంగి ఉన్నారు. అందులో ఇచ్చినవారెవరో ఆయనకే తెలియాలి. మరుసటి నెల ఆయన ఫోటో మాట ఎత్తకుండా వచ్చి కూర్చున్నారు.

శనివారం పొద్దెక్కాక ఆమె నారాయణగూడ అడ్డాకు నడిచి వెళ్లేవారు. అప్పటికీ పని దొరకనివారు తట్టలు పక్కన పెట్టుకుని కూర్చుని ఉంటారు. వారితో బియ్యం సంగతి ఎత్తేవారు కాదు. "అన్నా, ఏరేటోళ్లు తక్కువ పడ్డరు, నలుగురు రాండ్రే" అని పిలిచేవారు. సుజాతను పట్టుకున్నదీ ఇలాగే. ఆ అమ్మాయి అప్పటికి ఆరేళ్లుగా అశోక్‌నగర్ గదిలో ఉంటూ పరీక్షలు రాస్తోంది. ముప్పై దగ్గరపడింది. ఇంటి నుంచి పైసలు అడగడానికి సిగ్గుపడి, ఒక పూట తిండి మానేసింది. ఆ గది తలుపు తట్టి, "బిడ్డా, గీ బియ్యం కొత్తయో పాతయో సమజైత లేదు. నీ కుక్కర్‌ల జర వండి చెప్పు. ముద్దైతే ముద్దైందని చెప్పు, మొహమాటపడకు" అన్నారట. సుజాత ఒక కాగితం మీద రాసి ఇచ్చింది. వారం వారం సంచి వచ్చింది, వారం వారం కాగితం వెళ్లింది.

నాకు కూడా అదే పని అప్పజెప్పారు. "ధాన్యం ఇంట్ల పుట్టినోళ్లు మీరు. మీకు తెలిసినట్టు మాకు తెలుస్తదా? వండి చెప్పుండ్రి దొరా." నేను నమ్మాను. రెండేళ్లపాటు ప్రతి సోమవారం ఒక చీటీ రాశాను. నీళ్లు ఎంత పోసినదీ, గింజ ఎంత సాగినదీ, చల్లారాక ఎలా ఉన్నదీ వివరంగా రాసి, కింద సంతకం పెట్టేవాణ్ణి. ఆమె చదువుకోలేదు. సుజాతతో చదివించుకుని, ఆ చీటీలన్నీ ఒక సంచిలో దాచేవారు.

ఆ మానికతో కొలవడం దగ్గర మాత్రం మాకు పేచీ ఉండేది. అంచు వరకు పోసి, అరచేత్తో చదును చేసి ఇవ్వడం నా పద్ధతి. ఆమె గోపురం కట్టి, గింజలు జారిపడే దాకా పోసేవారు. "కొలత కొలతలా ఉండాలి చెన్నమ్మా" అంటే, "మీ తాతలు తీస్కునేటప్పుడు గిట్లనే తీస్కున్నరంట దొరా. మా అవ్వ చెప్తుండె. ఇచ్చేటప్పుడు గూడ గిట్లనే ఇస్తే ఏంబోతది?" అన్నారు. గదిలో అందరూ నవ్వారు. నాకూ నవ్వు వచ్చింది. ఆ నవ్వుతో ఆగిపోయి ఉంటే ఎంత బాగుండేది!

ఒక శనివారం నేను వెనక గది గుమ్మంలో ఉన్నాను. వారు నన్ను చూడలేదు. చెన్నమ్మ గారు, సుజాత సంచులు కడుతున్నారు.

"అమ్మా, దొరగారి సంచిల బాగనే పోసినవ్. ఈసారి రిపోర్టు గింత పొడుగు రాస్తడు చూడు" అంది సుజాత.

"నవ్వకే. నువ్వు గూడ గట్లనే రాసిస్తివి గద. రోషమున్నోళ్లకు ఉత్తగ పోస్తే తినరు. పని చెప్పి పోస్తే తింటరు."

నేను పనిచేసిన సంస్థ మూతపడి అప్పటికి మూడేళ్లు. ఆ విషయం గడప దాటలేదనే అనుకున్నాను. ముందుకు వచ్చి, నా ఇంట్లో కూర్చుని నాకే భిక్షం వేస్తున్నావా అని అడిగాను. అక్కడితో ఆగలేదు. "మీ పెద్దలు మా కొట్టు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డవాళ్లు" అన్నాను. గదిలో చాటలు పట్టుకున్నవారంతా విన్నారు.

చెన్నమ్మ గారు గొంతు పెంచలేదు. "నిలబడ్డరు దొరా. ఆకలైతే ఎవలైనా నిలబడతరు. మీరు నిలబడొద్దనే నేను ఇట్ల చేసిన" అన్నారు.

మానిక మా ముత్తాతగారిది, ఇటు ఇమ్మన్నాను. అందులో ఉన్న బియ్యాన్ని ఎవరి సంచిలోనో వంపి, కొంగుతో లోపలా బయటా తుడిచి, రెండు చేతులతో అందించారు. ఆ మధ్యాహ్నమే దివాన్‌ఖానాకు తాళం వేశాను.

మర్నాడు మా ఆవిడ కమల అంది: "మీకు నిన్న తెలిసింది. నాకు మొదటి వారమే సమజైంది."

"తెలిసీ ఊరుకున్నావా?"

"ఊరుకోక? పిచ్చుకలకని చెప్పి ఆమె దగ్గర నూకలు అడిగి తెచ్చింది నేనే. మన గల్లీల పిచ్చుకలు ఎక్కడున్నయని ఆమె ఒక్క మాటన్నా అడగలే. తర్వాతి వారమే మిమ్మల్ని వండి చెప్పమన్నది."

బియ్యం బ్యాంకు అశోక్‌నగర్‌లో ఒక అపార్టుమెంటు మెట్ల కిందకు మారింది. వానొస్తే కుప్పను ఎత్తి లోపలికి జరుపుకునేవారట. మానికకు బదులు ప్లాస్టిక్ మగ్గు వచ్చింది. నేను అటు వెళ్లలేదు. కాని ప్రతి శనివారం మా గేటుకు ఒక సంచి వేలాడేది. మొదటి మూడు వారాలు తీయలేదు. నాలుగోసారి కమల తీసింది. అన్నం నా కంచంలోకి వచ్చింది. నేను తిన్నాను. చీటీ మాత్రం రాయలేదు.

ఆమె నాకొక అవకాశం ఇచ్చారు. మొన్న చలికాలంలో చిక్కడపల్లి కూరగాయల మార్కెట్లో ఎదురుపడ్డారు. బరువు తగ్గారు. ఏమీ జరగనట్టే, "మొన్నటి బియ్యం ఎట్లుండె దొరా?" అన్నారు. బాగుందన్న ఒక్క మాట చాలు. క్షమించమనే మాట కూడా అక్కర్లేదు, అందులోనే ఆమెకు అర్థమయ్యేది. "నేను చూడలేదు" అని చెప్పి ముందుకు నడిచాను. వెనక నుంచి, "సరే, ఈ వారం చూడుండ్రి మరి" అని వినిపించింది. ఆ గొంతు వినడం అదే ఆఖరు.

వచ్చే శనివారం ఆ మెట్ల కిందే సంస్మరణ సభ. పూలు వద్దు, తలా ఒక గుప్పెడు బియ్యం తెమ్మన్నారు. సభ అంటే ఉపన్యాసాలు కూడా ఉండవట. అందరూ కూర్చుని ఏరడమే. ఆమె స్థానంలోకి ఎవరు వస్తారు? సంచులు కట్టడం ఎవరైనా నేర్చుకుంటారు. ఎవరి రోషం ఎంతో చూసి, దానికి తగిన పని వెతికి, తల వంచకుండా తినే దారి చూపించడం నేర్చుకుంటే వచ్చేది కాదు. అలాంటి మనిషి మా గుమ్మం ముందుకే వచ్చినా, తెలుసుకోవడానికి నాకు ఆమె చావు కావలసి వచ్చింది.

వండి చెప్పమన్నారు, చెబుతున్నాను. చెన్నమ్మ గారూ, మీరు గేటుకు కట్టించిన ఆఖరి సంచిలోవి పాత సన్నబియ్యం. ఒకటికి రెండున్నర నీళ్లు పట్టాయి. గింజకు గింజ విడిగా వచ్చింది. రాయి ఒక్కటీ తగల్లేదు. మేమిద్దరం రెండు పూటలా తిన్నాం.

దివాన్‌ఖానా తాళంచెవి సుజాతకు ఇచ్చేశాను. ఆ సభ తర్వాత బియ్యం అక్కడే ఏరతారు. ఆ అమ్మాయి తాళంచెవి తీసుకుని, వెళ్లబోతూ ఆగి, "సార్, ఆ మానిక గూడ ఇయ్యరా? అమ్మ ఫోటో ముందు పెడతం" అంది. చూస్తానన్నాను.

మానిక నా దగ్గర లేదు. ఆమె చేతిలో నుంచి తీసుకున్న మూడో నెలలోనే దాన్ని పాత ఇత్తడి కొనేవాడికి తూకానికి అమ్మేశాను.