గడ్డం కొంచెం పైకి

రెండు వందల కిలోమీటర్ల వేగంతో పోయే మోటారుసైకిలును ఫోటోలో కట్టేశానని మా కావలి వీధిలో అందరికీ చెప్పి ఉన్నాను. ఇక్కడ కూడా అదే రాద్దామనుకున్నాను. కానీ ఇది అచ్చయితే మా అల్లుడు చదువుతాడు, చదివి ఊరుకోడు. అసలు ఆ బండికి స్పీడోమీటరే లేదు. బరువు తగ్గుతుందని ఆయనే పీకేశాడు.

అల్లుడంటే కూతురి మొగుడు కాదు. నా స్టూడియోకి ఎదురుగా షెడ్డు పెట్టుకున్న మెకానిక్. సాయిబుల ఇంటి బిడ్డ. మొదటినుంచీ నన్ను మామా అంటాడు, నేను అల్లుడూ అంటాను. ఆయన నిఖాకి ఫోటోలు తీసింది నేనే. నలభై ఏళ్లలో పదివేల పెళ్లిళ్లు తీశానని చెప్పుకుంటాను. వెయ్యి దాటి ఉంటే గొప్ప. ఫోన్లొచ్చాక స్టూడియో మూతపడింది, కెమెరా మిగిలింది.

అల్లుడు ఆరేళ్లుగా ఒక పాత టూ-స్ట్రోక్ బండిని విప్పడం, బిగించడం, మళ్లీ విప్పడం. అంతా డ్రాగ్ రేసు కోసం. అంటే తిన్నటి రోడ్డు మీద రెండు బండ్లను పక్కపక్కన నిలబెట్టి వదులుతారు, పావుమైలు ఎవరు ముందు దాటితే వాళ్లది గెలుపు. పద్నాలుగు సెకన్ల లోపల దాటాలని ఆయన పట్టు. ఈ వయసులో ఇవేం చేష్టలని చుట్టాలంతా నవ్వారు.

ఒకరోజు షెడ్డులోంచే కేకేశాడు. "మామా, కృష్ణపట్నం పొయ్యే దోవలో ప్లాట్ల వెంచర్ ఉండాది చూడు, ఆడ పందెం పెడతండారు. పర్మిషన్ కూడా తీసుకున్నారంట. వచ్చి ఫోటో తీస్తావా?"

"తీస్తావా అని అడుగుతావేంది? మద్రాసులో ఇట్టాంటివి చానా తీసినా."

మద్రాసులో నేను తీసింది మెరీనాలో ఒక గుర్రాన్ని. అది నిలబడి ఉంది.

చేతిలో రెండు నెలలున్నాయి. హైవే పక్కన టీ బంకు దగ్గర నిలబడి పోర్టు లారీలను తీయడం మొదలుపెట్టాను. మొదటిరోజు నాకు దొరికినవి లారీల వెనక ఆడే టార్పాలిన్ పట్టా కొసలు. బిట్రగుంట పోయి గూడ్సు బండిని తీశాను. అంత పొడుగు బండిలోనూ నాకు ఇంజను దొరకలేదు. షట్టరు వేగం పెంచితే లారీ ఆగి ఉన్నట్టు పడుతుంది. ఆగిన లారీని తీయడానికి నేనెందుకు? తగ్గిస్తే అంతా అలుక్కుపోతుంది. ఈ రెంటికీ మధ్య ఏదో ఉందని తెలుస్తోంది గానీ అదేమిటో అంతుపట్టదు. నిద్రలో కూడా మెడ తిప్పుతున్నానని మా ఆవిడ ఫిర్యాదు.

తుమ్మలపెంట సముద్రం ఒడ్డున ఒక పొద్దున విసురువల వేసే మనిషిని చూశాక తెలిసింది. వల చేతుల్లోంచి పోయాక కూడా ఆయన నడుము తిరుగుతూనే ఉంది. ఆపేస్తే వల విచ్చుకోదట. నేనేమో బటన్ నొక్కగానే ఆగిపోతున్నాను! దూరంనుంచే బండిని కంటితో పట్టుకోవాలి, పాదాలు కదపకుండా నడుముతో దాని వెంట తిరగాలి, తిరుగుతూనే నొక్కాలి, నొక్కాక కూడా తిరగాలి. మరునాడు ఒక లారీ డ్రైవరు మీసంతో సహా స్పష్టంగా పడ్డాడు, వెనకనున్న చెట్లన్నీ గీతలైపోయాయి. ఆ ఫోటోను టీ బంకులో అందరికీ రెండేసిసార్లు చూపించాను.

పందెం రోజు వచ్చింది. ఆ వెంచర్లో పెద్ద ఆర్చి, తెల్లరాళ్లు, 'పార్కు', 'ఈతకొలను' అని బోర్డులు. ఇల్లు మాత్రం ఒక్కటి లేదు. రోడ్డు దారం పట్టి గీసినట్టుంది. గడ్డిమోపుల వెనక నాకు చోటిచ్చారు. వెనక చక్రం కింద నీళ్లు పోసి, బండి కదలకుండా దాన్ని గిర్రున తిప్పుతుంటే తెల్లగా పొగ లేచింది. ఎందుకని పక్కాయన్ని అడిగాను. టైరు వేడెక్కితే రోడ్డును పట్టుకుంటుందన్నాడు. పొగ కమ్మగా ఉందని రాస్తే అబద్ధం. దగ్గొచ్చింది.

గీత పక్కనే దీపాల స్తంభం. పచ్చదీపం వెలిగితే వదలాలి. ఒక్కొక్కరికి రెండు అవకాశాలు.

అల్లుడు గీత మీదికొచ్చాడు. కెమెరా కన్నానికి కన్ను పెట్టాను. హెల్మెట్ వంచుకుని ఉన్నాడు, ముఖం మీద వెలుగు లేదు. అంతే! నలభై ఏళ్ల అలవాటు నన్నడక్కుండానే లేచింది. ఎడమచెయ్యి పైకెత్తి, వేళ్లాడించి, బ్యాండుమేళాన్ని మించే నా పెళ్లిగొంతుతో అరిచాను.

"అల్లుడూ, ఇట్ట చూడు! గడ్డం కొంచెం పైకి!"

చూశాడు. గడ్డం కూడా ఎత్తాడు. నేను నొక్కేసరికి పచ్చదీపం వెలిగింది. పక్కబండి వెళ్లిపోయింది.

ఓడి, బండి తోసుకుంటూ వచ్చాడు. "ఏమైంది మామా? దీపం చూసుకోలా నేను. ఎవురో పిల్చినట్టనిపించింది, హెల్మెట్లో గొంతు తెలీలా."

"పిలుపా? అదేం లేదు. క్లచ్ జారినట్టుండాది అల్లుడూ. లెన్సులో స్పష్టంగా కనిపించింది."

లెన్సులో క్లచ్ కనిపించదు. ఆ మాట ఆయనకు తట్టలేదు, నలభై ఏళ్లు కెమెరా పట్టినవాణ్ని కదా, నమ్మాడు. వెంటనే స్పానర్ తీసుకుని బండి పక్కన గొంతుక్కూచున్నాడు. ఆరేళ్లు చెవి పెట్టి విని విని బిగించుకున్న క్లచ్. దాన్ని నా అబద్ధం కోసం విప్పబోతున్నాడు. రెండో అవకాశానికి ఇంకా నాలుగు జతల బండ్లు. మూడు. నేను గడ్డిమోపు మీద కూర్చుని కెమెరా తుడిచాను. తుడిచిన అద్దాన్నే తుడిచాను. మొదటి బోల్టు వదులైన చప్పుడు వినిపించింది.

లేచి వెళ్లి కెమెరా ఆయన ముందు పెట్టాను. ఫోటోలో గడ్డం ఎత్తిన హెల్మెట్ నిండుగా నా వైపు తిరిగి ఉంది. దాని వెనక పచ్చదీపం వెలుగుతోంది.

"పిల్చింది నేనే. క్లచ్ ముట్టుకోబాక."

ఆయన ఫోటో వంక చూశాడు, నా వంక చూశాడు. "మామవా నువ్వు, శనివా? నా నిఖాలో కూడా ఇట్టనే చేసినావు. ఖాజీ ఖుబూల్ హై చెప్పమంటా ఉంటే నన్ను నీ దిక్కు చూడమన్నావు!"

"చూసినావు కదా."

"ఆయన రెండుసార్లు అడగాల్సొచ్చింది!"

బోల్టు బిగించాడు. తర్వాత నా భుజం మీది తువ్వాలు తీసి, చుట్టచుట్టి, నా నోట్లో కుక్కాడు. "నేను ఆ చివర గీత దాటిందాకా ఈ తువ్వాలు తీసినావంటే నీకూ నాకూ మాటల్లేవు."

నోట్లో తువ్వాలుతో నిలబడ్డాను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుకున్నారు. ఆయన తల వంచుకుని దీపాన్నే చూస్తున్నాడు. పచ్చ వెలిగింది. నడుము తిప్పాను, నొక్కాను, ఇంకా తిరిగాను, తిరిగి తిరిగి గడ్డిమోపు మీద పడ్డాను.

బోర్డు మీద 13.96.

ఊళ్లో పన్నెండున్నర అని చెప్తున్నాను. అల్లుడే షెడ్డులోంచి తల బయటపెట్టి, పదమూడు తొంభై ఆరు మామా అని సరిదిద్దుతాడు. పద్నాలుగుకి తగ్గిన ఆ సున్నా పాయింట్ సున్నా నాలుగు ఆయన సొంతం, నన్ను పెంచనివ్వడు.

ఫోటో సంగతి కూడా చెప్పేస్తాను. ముందు చక్రం పడలేదు, వెనక టైరు సగం పొగలో పోయింది. హెల్మెట్ ఒక్కటే స్పష్టంగా ఉంది, మిగతా వెంచరంతా గీతలు. నలభై ఏళ్లలో నేను తీసిన ముఖాలన్నీ నన్నే చూశాయి. ఇదొక్కటే నన్ను చూడలేదు. నాకు అదే నచ్చింది. అల్లుడు మాత్రం షెడ్డులో తగిలించుకున్నది రెండో దాన్ని కాదు, మొదటిదాన్ని. గడ్డం పైకెత్తి, పచ్చదీపం వెనక పెట్టుకుని ఉన్నదాన్ని. వచ్చినవాళ్లందరికీ చూపించి చెప్తాడు: "మా మామ తీసినాడు. పందెంలో కూడా నిఖా ఫోటోనే!"