ఒళ్లో సంచులు

ఆనందపురం దగ్గర మా విల్లాల కాలనీలో పక్కింటివాళ్లను కారును బట్టే గుర్తుపడతాం. ఆ వారం నా కారు రిపేరు షెడ్డులో ఉండటంతో బస్సెక్కాను. కిటికీ పక్కన ఇస్త్రీ చొక్కా పెద్దాయన, నిలబడ్డవాళ్ల సంచులన్నీ ఒళ్లో పేర్చుకుని కూర్చున్నారు. అడక్కుండానే నా బ్యాగూ లాక్కున్నారు.

"క్లోక్‌రూమ్ నిండిపోయినట్టుందండీ," అన్నాను.

ఆయన నవ్వలేదు. "మా ఆవిడ పోయిన కాడ్నించీ రోజూ వత్తన్నాను బాబూ. కారుంది. మా ఆనందపురం విల్లాల్లో 'కాసేపిది పట్టుకోండి' అనేవోడు ఒక్కడూ లేడు."

"ఎక్కడిదాకా?"

"మద్దిలపాలెం. మళ్లీ ఎనక్కే."

మధురవాడలో ఆయన పక్క సీటు ఖాళీ అయింది. ఆయన నా బ్యాగు తిరిగివ్వబోయారు.

"నడుం నొప్పండీ, డాక్టరు కూర్చోవద్దన్నారు," అని, నిక్షేపంలాంటి నడుంతో మద్దిలపాలెం దాకా నిలబడ్డాను.