మూడో మనిషికి ప్రవేశం లేదు

మా బాబాయికి ఒక్కటే జబ్బు. ఇంటర్నెట్‌లో ఏ సైటు తెరిచినా "కుకీలన్నిటికీ ఒప్పుకుంటున్నాను" అని ఓ బటన్ వస్తుంది చూడండి, లోకమంతా కళ్ళు మూసుకుని నొక్కేసే ఆ బటన్‌ని ఆయన చచ్చినా నొక్కడు. ఓ రోజు పొద్దున్నే ఉన్నట్టుండి పట్టుకుందీ జబ్బు.

ఆయన గడియారాలు బాగుచేస్తాడు. కంటికి బిగించుకునే భూతద్దం ఇంటికొచ్చాక కూడా నుదుటి మీదే ఉంటుంది. సైటు తెరవగానే అది కంటి మీదకు దిగుతుంది. చీమ తలకాయంత అక్షరాలన్నీ చదివి, "వద్దు" అనే బటన్ ఏ మూల నక్కినా పట్టుకుంటాడు.

"ఏమండీ, వాన పడుతుందో లేదో చూడమన్నాను," అనేది పిన్ని.

"ఉండవే. మన వాన కబురు వినడానికి ఎనిమిది వందల నలభైమూడు మంది భాగస్వాములట. ఒక్కొక్కళ్ళనీ బయటికి పంపిస్తున్నాను."

ఆయన అందర్నీ పంపేసరికి వాన వచ్చి వెలిసిపోయేది. ఆరేసిన బట్టలు మళ్ళీ పిండుకునేవాళ్ళం.

మనం ఏం చూశామో గుర్తుపెట్టుకునే ఆ కుకీల్లో ఆయనకు బొత్తిగా కిట్టనిది థర్డ్ పార్టీ. ఆయన పెట్టిన పేరు మూడో మనిషి. "నేనూ కొట్టువాడూ మాట్లాడుకుంటుంటే మధ్యలో చెవి పెట్టడానికి వీడెవడ్రా?" అంటూ సెట్టింగుల్లోకి వెళ్ళి వాణ్ణి గెంటేశాడు.

అది కంప్యూటర్‌తో ఆగితే బాగుండేది. బట్టల షాపులో ఫోన్ నంబరు అడిగితే "ప్యాంటుకు నా నంబరెందుకమ్మా, నడుం కొలత చాలదూ?" అనేవాడు. పిన్ని మారు వడ్డించబోతే "అవసరమైనంత మాత్రమే" అని చెయ్యి అడ్డం పెట్టేవాడు. పక్కింటాయన నా జీతమెంతని అడిగితే, నేను నోరు తెరిచేలోగా తనే "మూడో మనిషి ప్రశ్న. తిరస్కరించడమైనది" అన్నాడు. వాళ్ళింట్లోనే ఉండి ఉద్యోగం చేసుకుంటున్న నేను, ఆయన్ని చూసి అందరికంటే ఎక్కువ నవ్వేవాణ్ణి.

ఇక్కడ నా గుట్టొకటి చెప్పాలి. ఇరవయ్యారేళ్ళకే నా నెత్తి మైదానమైపోయింది. వాళ్ళింటికి వచ్చేనాటికే విగ్గు పెట్టుకునేవాణ్ణి. పిన్నికి తెలిస్తే ఆవిడ ముగ్గురు చెల్లెళ్ళకూ తెలిసినట్టే, వాళ్ళకు తెలిస్తే ఊరంతా టముకు వేసినట్టే. అందుకే ఆర్నెల్ల కిందట ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఉన్న ఆ ఒక్క కంప్యూటర్‌లోనే కొత్త విగ్గు కొని, హిస్టరీ చెరిపేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఓ ఆదివారం విగ్గు జిగురు అయిపోయింది. బాబాయి కొట్టుకెళ్ళాక కొందామంటే ఆయన బిగించిన అడ్డుల వల్ల సైటు ఆర్డరు తీసుకోదు. అన్నీ తీసేసి, "అన్నిటికీ ఒప్పుకుంటున్నాను" నొక్కి, జిగురు ఆర్డరిచ్చి, యథాప్రకారం హిస్టరీ చెరిపాను.

మధ్యాహ్నం పిన్ని చెల్లెళ్ళు ముగ్గురూ దిగారు. కర్టెన్లు చూద్దామని కంప్యూటర్ ముందు చేరారు. కర్టెన్ పక్కన నున్నటి గుండొకటి ప్రత్యక్షమైంది. "బట్టతలా? బెంగ వద్దు!" ఇంకో సైటు తెరిచారు. అక్కడా గుండే. వార్తలు తెరిస్తే రెండు గుండ్లు.

"ఇవి వెతికినవాళ్ళకే వస్తాయటక్కా," అంది చిన్న చెల్లెలు. "మీ ఇంట్లో విగ్గులు చూస్తున్నదెవరు?"

నలుగురూ నా వైపు తిరిగారు. నా చెయ్యి నాకు చెప్పకుండానే నెత్తి మీదకు పోయింది.

అప్పుడే బాబాయి లోపలికొచ్చాడు. భూతద్దం దించి తెరను చూశాడు, నన్ను చూశాడు.

"నేనే చూశాను," అన్నాడు.

ఆయనది దువ్వెనలు విరిచే జుట్టు. పిన్ని నోరు తెరిచింది. "మీకెందుకండీ విగ్గు?"

"ముందుజాగ్రత్త."

ముగ్గురూ పడీ పడీ నవ్వారు. ఆ రోజు నుంచి ఆయన పేరు విగ్గు బావగారు. ఫోన్ నంబరే ఎవరికీ ఇవ్వని మనిషి, తనది కాని బట్టతల నెత్తినేసుకున్నాడు.

వాళ్ళు వెళ్ళాక నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. "హిస్టరీ చెరిపితే చాలదురా సన్నాసీ, కుకీలూ చెరపాలి. నువ్వు విగ్గు కొన్న మర్నాడు పొద్దున్న కూడా తెర నిండా ఈ గుండ్లే. అప్పట్నుంచీ రోజూ పొద్దున్నే నేనే ఊడుస్తున్నాను."

లెక్కేసుకున్నాను. ఆయనకు జబ్బు పట్టి సరిగ్గా ఆర్నెల్లు. ఇన్నాళ్ళూ నవ్వినందుకు సిగ్గేసింది, ఆయన్ని కావలించుకోవాలనిపించింది.

"మరి పిన్నికి చెప్పావా?"

"మీ పిన్నికా?" బాబాయి వంటింటి వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఈ విషయంలో ఆవిడ మూడో మనిషిరా."

అని భూతద్దం కంటికి బిగించి, నా నుదురు పరీక్షగా చూసి, గడియారం ముల్లు సవరించినట్టు నా విగ్గు ఎడమపక్క కొంచెం కిందకు లాగాడు.