టైర్ల కాక గీసిన సుద్ద గీత

బోర్డు మీద తేదీ వేస్తుంటే సంచిలో ఫోన్ మోగింది. క్లాసులో ఫోన్ ఎత్తను. రెండోసారి కూడా మోగితే ఎత్తాను. టైర్ల కాక షాపు పక్కన వెల్డింగ్ చేసే ఆయన. "టీచరమ్మా, కాక పొద్దుగాల పోయిండు. చాయ్ తాగుకుంట కూసున్నోడు గట్లనే ఒరిగిండు. దవాఖానకు తీస్కపోయేదాక సుత ఆగలే" అన్నాడు. నేను "సరే" అన్నాను. అలాంటప్పుడు ఏమనాలో ఇప్పటికీ తెలియదు. పిల్లలకు ఏదో రాసుకోమని చెప్పి కుర్చీలో కూలబడ్డాను. గంట కొట్టేదాకా చేతిలో సుద్దముక్క అలాగే ఉంది.

కాక నాకు చుట్టం కాదు. వనపర్తిలో పెబ్బేరు రోడ్డు మీద ఆయన టైర్ల షాపు. అదే ఊళ్లో సర్కారు బడిలో నేను సైన్సు చెబుతాను. నలభై దాటాక నాకు పట్టిన పిచ్చి కారు పోటీలు. ఆటోక్రాస్ అంటారు. ఖాళీ మైదానంలో రబ్బరు కోన్లు పెట్టి మెలికల దారి గీస్తారు. కార్లను ఒక్కొక్కటిగా వదులుతారు. తక్కువ సెకన్లలో ఎవరు వస్తే వాళ్లు గెలిచినట్టు, కోన్ తగిలితే సెకన్లు కలుపుతారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వాళ్లం ఓ పదిహేను మందిమి ఉంటాం. పళ్ల డాక్టరు, విత్తనాల వ్యాపారి, ఇద్దరు ముగ్గురు ఇంజనీర్లు, నేను. కోత అయిన చేనో, అమ్ముడుపోని వెంచరో దొరికితే అక్కడ మా ఆదివారం జాతర. గెలిచినవాళ్లకు ఒక మెమెంటో, మిగిలినవాళ్లకు దుమ్ము.

మొదటిసారి కాక దగ్గరికి వెళ్లి "పోటీకి మంచి టైర్లు కావాలి" అన్నాను, బియ్యం కొట్టులో సన్నబియ్యం అడిగినట్టు.

"ఏడ ఉరుకుతవ్ టీచరమ్మా?"

"గద్వాల వైపు, మల్దకల్ దాటినాక."

"నేల ఎసుంటిది?"

చూడలేదన్నాను. ఆయన చేతిలోని పానా కింద పెట్టాడు. "కాలు జూడకుంట చెప్పులు కొన్నట్టుంది నీ యవ్వారం. టైరును తర్వాత అడుగుదాం. ముందుగాల నేలను అడుగు" అన్నాడు.

ఆ శనివారం నా కార్లోనే వచ్చాడు. మైదానం అంచున చెప్పులు విడిచి, కోన్లు పెట్టబోయే దారంతా వట్టి కాళ్లతో నడిచాడు. అక్కడక్కడ ఆగి మడమతో నేలను నొక్కాడు. నల్లరేగడి, ముందురోజు జల్లు పడింది. ఒక మట్టి ముద్ద తీసి పిసికి చెయ్యి విదిలించాడు. ముద్ద రాలలేదు. "గిది ఇడిసిపెట్టే నేల గాదు. సన్న సందుల టైరు ఏసినవనుకో, రెండు మలుపులకే సందులు నిండి గుండు టైరయితది. ఎడమెడంగ సందులున్నది ఏస్కో, తిరిగినకొద్ది మట్టిని అదే దులుపుకుంటది." నేను ఘర్షణ సూత్రం ఎత్తబోయాను. చివరిదాకా విని, "నీ పుస్తకంల నేల పొడిగున్నట్టుంది" అన్నాడు. ఆ మాటకు నాలుగు రోజులు నవ్వుకున్నాను.

టైరు ఏరడంలో ఆయన పద్ధతులు కొన్ని నాకు ఇప్పుడు ఎక్కాల్లా నోటికి వచ్చు. టైరు పక్క మీద నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండు అది తయారైన వారం, తర్వాతవి సంవత్సరం. వేలితో తడిమి చదివేవాడు. "మనకు పుట్టిన వారం గుర్తుండదు, దీనికి ఉంటది" అనేవాడు. తర్వాత బొటనవేలి గోరు రబ్బరులో గుచ్చేవాడు. గోరు దిగితే సరే. దిగకపోతే ఎంత మెరిసినా పక్కన పెట్టేవాడు, "చూడనీకె పడుచుది, లోపల ముసల్ది" అని. అరిగిన టైరును చెడిపోయిందని మాత్రం ఎప్పుడూ అనలేదు. "దీని పని అయిపోయింది" అనేవాడు, రిటైరైన పెద్దమనిషి గురించి చెప్పినట్టు.

ఇక సుద్ద గీత. టైరు నేలను తాకే అంచు నుంచి పక్క గోడ మీదికి వేలెడు గీత గీసేవాడు. కారు మలుపు తిరిగినప్పుడు టైరు ఒరుగుతుంది, ఒరిగినంత మేర సుద్ద చెరుగుతుంది. ఆ గోడ మీద కంపెనీ అచ్చుపోసిన చిన్న బాణం గుర్తు ఉంటుంది. అక్కడిదాకా చెరిగితే గాలి సరిపోయినట్టు, దాటితే తక్కువైనట్టు, అంత దూరం రాకపోతే ఎక్కువైనట్టు. ఈ సుద్దముక్కలు తెచ్చిచ్చేది నేనే, బడిలో విరిగిపోయినవి. "నువ్వు పిల్లలకు మార్కులేస్తవ్, నేను టైర్లకేస్త. సుద్ద ఒక్కటే" అనేవాడు.

ఆ గద్వాల పోటీలో నేను రెండో స్థానంలో వచ్చాను. మెమెంటో తీసుకెళ్లి ఆయన షాపులో పంచర్ డబ్బాల మధ్య పెట్టాను. అప్పటినుంచి డాక్టరూ విత్తనాల వ్యాపారీ కూడా ఆయన దగ్గరికే వచ్చారు. పోటీ దగ్గర పడితే చాలు, మాలో అందరిదీ ఒకటే ప్రశ్న: "కాక ఏమన్నడు?" ఆయనకు అది ఎంత ఇష్టమో పైకి చెప్పేవాడు కాదు. కానీ పోటీకి ముందు శనివారం ఉతికిన తెల్లచొక్కా వేసుకుని, ఎవరి కారు ముందొస్తే అందులో మైదానం చూడటానికి సిద్ధంగా ఉండేవాడు.

ఇప్పుడు ఈ స్మృతి రాయడానికి అసలు కారణం చెప్పాలి.

ఏడాదిన్నర కిందట నాగర్‌కర్నూల్ వైపు ఎర్రచెలకలో పోటీ పెట్టారు. అప్పటికి నేను సెలవులన్నీ ఫోన్లో వీడియోలు చూసి పండితురాలినైపోయాను. వెడల్పు టైరు, మెత్త రబ్బరు, అదే అసలైన పోటీ టైరు అని తీర్మానించుకున్నాను. కాక నేల తొక్కి చూసి, "పైన పిండి, కింద బండ. వెడల్పుది పిండి మీద తేలుతది. సన్నది దిగి బండను పట్టుకుంటది" అని, కుప్పలోంచి నాలుగు సన్న టైర్లు ఏరి, రిమ్ములకు ఎక్కించి, గీతలు గీసి నా కారు వెనక సీట్లో పెట్టాడు. నేను తలూపాను. అప్పటికే వెడల్పువి నాలుగు హైదరాబాద్ నుంచి తెప్పిస్తున్నాను. మా ఇంజనీరు ఒకాయన తన బండిలో నేరుగా మైదానానికే తెచ్చాడు. కాకే తెప్పించమన్నాడని ఆయన అనుకున్నాడు, నేను కాదనలేదు.

ఆ ఆదివారం మోకాలి నొప్పితో కాక రాలేదు. ఆయన ఏరిన టైర్లు వెనక సీట్లో దుప్పటి కింద ఉండిపోయాయి. వెడల్పువి ఎక్కించుకుని దిగాను. మూడు పరుగులు. మొదటి దాంట్లో రెండు కోన్లు ఎగిరాయి. రెండో దాంట్లో కారు గిర్రున తిరిగి వచ్చిన దారికే మొహం పెట్టింది. మూడోది చెప్పను. అందరికంటే వెనక నా పేరు. డాక్టరు వచ్చి, "ఏంది మేడం, ఈసారి కాక అంచనా తప్పిందా?" అన్నాడు.

"ఊఁ" అన్నాను.

అబద్ధానికి కనీసం ఒక వాక్యమైనా కావాలనుకునేదాన్ని. ఒక్క అక్షరం చాలింది.

సోమవారం బడి వదిలాక టైర్లు తిరిగి ఇవ్వడానికి వెళ్లాను. కాక అంచనా తప్పిందన్న కబురు అప్పటికే షాపుకు చేరింది. కాక నాలుగింటినీ దించి, ఒక్కొక్కదాన్ని తిప్పి చూశాడు. నేను రోడ్డు మీద పోయే బస్సుల్ని చూస్తున్నాను. ఆఖరిదాన్ని గోడకు ఆనించాడు. తర్వాత, "నాదే తప్పయింది బిడ్డా. నేలను సరిగ జూడలే. మోకాలి నొప్పికి జర తొందరపడ్డ" అన్నాడు. అప్పటిదాకా టీచరమ్మా అన్న మనిషి, బిడ్డా అని పిలిచింది ఆ రోజే మొదటిసారి. నాకు మాత్రం బతికిపోయానన్న సంబరమే తెలిసింది. సిగ్గు ఇంటికి చేరాక వచ్చింది.

డాక్టరు కాక దగ్గరికి రావడం మానేశాడు, తర్వాత మిగిలినవాళ్లు. మైదానం చూడటానికి రమ్మని ఎవరూ పిలవలేదు. తెల్లచొక్కా సంగతి నాకు తెలియదు, ఎందుకంటే నేనూ ఆ రోడ్డు తప్పించి పాత బస్టాండు మీదుగా తిరగడం మొదలుపెట్టాను. ఒకసారి కూరగాయల మార్కెట్లో ఎదురుపడి, "ఏం బిడ్డా, నల్లపూసవయినవ్? సుద్దముక్కలు సుత అయిపోయినయ్" అని నవ్వాడు. అప్పుడే చెప్పేయాల్సింది. ఎండాకాలం సెలవుల్లో తీరిగ్గా చెప్పుకుందామనుకున్నాను. సెలవులకు ఇంకా నెల ఉందనగా ఆయన పోయాడు.

దినాల రోజు అందరూ తినిపోయాక చిన్నమ్మ, అంటే కాక భార్య, నన్ను షాపుకు తీసుకెళ్లి షట్టరు ఎత్తించింది. "ఇవి నీవే బిడ్డా, తీస్కపో" అని పై అరలో గోనెసంచి తొలగించింది. నాలుగు సన్న టైర్లు. నాలుగింటి మీదా వేలెడు సుద్ద గీత, కాస్త మాసింది కానీ మొదలు నుంచి చివరిదాకా ఉంది.

సైన్సు టీచరును. సుద్ద తెచ్చిచ్చినదాన్ని. ఎక్కించని టైరు మీద గీత చెరగదన్న సంగతి ఏడాదిన్నరలో ఒక్కసారీ నాకు తట్టలేదు. ఆయన ఆ సోమవారమే చూశాడు. చూసే, నాదే తప్పన్నాడు.

"ఎవ్వలడిగినా ఇయ్యలే" అంది చిన్నమ్మ. "జర అడుగు ఆమెను, నీ పేరెందుకు ఖరాబ్ చేసిందని, అన్న నేను. 'అడిగితె ఆమె మొహం ఏడ వెట్టుకుంటది? పిల్లల ముందర నిలవడే మనిషి. టైర్లు ఆడనే ఉండనీ, ఒక్కపారి ఎక్కించి చూస్తది' అన్నడు."

అక్కడే టైర్ల మధ్య కూర్చుని ఏడ్చాను. చిన్నమ్మే నన్ను ఓదార్చింది, ఓదార్చాల్సింది నేనైతే.

పోయిన ఆదివారం మళ్లీ అదే ఎర్రచెలకలో పోటీ జరిగింది. మొదలుకాకముందే అందరినీ పిలిచి, జరిగింది జరిగినట్టు చెప్పాను. డాక్టరు, "గీ మాట ఆయనున్నప్పుడు చెప్పకపోతివి మేడం" అన్నాడు. అవునన్నాను.

చెప్పులు విడిచి దారంతా ఒకసారి నడిచాను. పైన పిండి, కింద బండ. టైర్లలో గోరు గుచ్చి చూశాను, ఇంకా దిగింది. నలుగురూ చెయ్యి వేసి ఎక్కించారు. నాకు మూడో స్థానం వచ్చింది, కోన్ ఒక్కటీ తగల్లేదు. మలుపుల్లో టైరు దుమ్మును కోసి గట్టి నేలను అందుకోవడం స్టీరింగు పట్టిన చేతులకు తెలిసింది.

పరుగు ముగించి కారు ఆపాక నాకంటే ముందు డాక్టరే ముందు చక్రం దగ్గర గొంతుకూర్చున్నాడు. తర్వాత విత్తనాల వ్యాపారి. నేను దిగి వాళ్ల పక్కన కూర్చున్నాను. ఎర్రదుమ్ములో బాణం గుర్తు దాకా సుద్ద చెరిగిపోయింది. గుర్తుకు అవతల కాక గీసిన గీత గోరంత మిగిలింది, తెల్లగా.