నాటకంలో ఆ ఒక్క మాట

కిందటేడాది నల్లగండ్లలోని మా అపార్టుమెంటు వాళ్లం ఉగాదికి ఒక నాటకం వేయాలనుకున్నాం. నాది భార్య పాత్ర. భర్తగా వేసేది మూడో అంతస్తు మూర్తిగారు. ఆయన కోపంగా మాట్లాడుతుండగానే నేను అడ్డుపడి, "ఇక చాలు, నన్ను చెప్పనివ్వండి" అనాలి.

హైటెక్ సిటీ ఆఫీసులో టీము మొత్తాన్ని నడిపించే నాకు ఆ ఒక్కటీ చేతకాలేదు. మూర్తిగారు మాట ముగించేదాకా నా నోరు పెగిలేది కాదు. రిహార్సల్ మాటిమాటికీ అక్కడే ఆగిపోయేది.

నాటకం నేర్పిస్తున్న సరోజక్క నవ్వుతూ నా దగ్గరికొచ్చింది. "ఏందమ్మా, ఇంట్ల కూడా గిట్లనే ఆగుతవా?"

"అబ్బే, మా ఇంట్లో అలాంటివేం లేవండి. తను అసలే తక్కువ మాట్లాడుతుంది," అన్నారు ముందు కుర్చీలో కూర్చున్న మా వారు.

సరోజక్క ముఖంలో నవ్వు పోయింది. "నేను ఆమెను అడిగిన సార్," అంది.

అందరూ నా వైపు తిరిగారు. నేను నోరు తెరిచాను. తెరిచి, మా వారు చెప్పడం అయిందో లేదోనని ఆయన ముఖంలోకి చూశాను. ఆ చూపు అక్కడున్న వాళ్లందరికీ అర్థమైంది. ఎవరైనా నవ్వినా బాగుండేది.

మర్నాటికల్లా ఆ పాత్ర ఇంకొకావిడకి వెళ్లిపోయింది. నాకు ఆఫీసు పని ఎక్కువగా ఉందని మా వారే సరోజక్కకి ఫోన్ చేసి చెప్పారట.

పండగనాడు ఆయన పక్కనే కూర్చుని నాటకం చూశాను. ఆవిడ "ఇక చాలు" అనగానే చప్పట్లు మోగిపోయాయి. అందరికంటే గట్టిగా కొట్టింది మా వారే.

ఆ మాట నాకిప్పటికీ కంఠతా వచ్చు. అనడమే రాలేదు.