అక్క పోయిన రోజు విన్న నక్షత్రం

మొన్న నందికొట్కూరులో మా అక్క మనవరాలు తన పుస్తకంలో పేలిపోయిన నక్షత్రం బొమ్మ చూపించి, దాని మీద ఆ గీతలేమిటని అడిగింది. అయస్కాంత క్షేత్రం అని చెప్పి ఊరుకున్నాను గానీ, అలాంటి గీతలు గీయడానికే నా యౌవనమంతా ఖర్చయిందనీ, అందులో వాళ్ల అవ్వ చివరి రోజు కూడా పోయిందనీ ఆ పిల్లకు చెప్పలేకపోయాను.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు మన తరంవాళ్లకు గుర్తుండే ఉంటాయి. అప్పుడు నేను రేడియో టెలిస్కోపుతో నక్షత్రాల మీద పరిశోధన చేసేదాన్ని. చచ్చిన నక్షత్రం వదిలిన గుల్ల నుంచి వచ్చే రేడియో తరంగాలు ఏ వాలున ఊగుతున్నాయో కొలిస్తే అక్కడి అయస్కాంత క్షేత్రం దిక్కు తెలుస్తుంది, ఆ వాలునే ధ్రువణం అంటాం. అయితే తరంగాలు మనదాకా వచ్చే దారిలో ఆ వాలు తిరిగిపోతుంది కాబట్టి, ఎంత తిరిగిందో లెక్కకట్టి తీసేస్తే తప్ప ఆ దిక్కును నమ్మకూడదు. ఈ పని పట్టపగలు కూడా చేయొచ్చంటే, కూలికి పోయి మమ్మల్ని పెంచిన నాయనకు ఎంతకీ నమ్మకం కుదిరేది కాదు. "పగటిపూట చుక్కలేందిమ్మా" అని నవ్వేవాడు.

అక్క కిడ్నీలు చెడిపోయి కర్నూలు పెద్దాసుపత్రిలో ఉన్నప్పుడే, ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్న టెలిస్కోపు సమయం నాకు దొరికింది. వదులుకుంటే నా పరిశోధన అక్కడితో ఆగిపోతుంది. పాస్టరుగారు ప్రార్థన చేసి వెళ్లాక, అక్కే నా చెయ్యి పట్టుకొని, "నువ్వు పోవే, ఈడ నాయన ఉండాడు. నేను యాడికి పోతా" అంది. వెళ్లాను.

టెలిస్కోపు ఉన్న చోట సెల్‌ఫోను గేటు బయటే ఆపేయాలి, ఒక్క ఫోను మోగినా ఆ నక్షత్రం సన్నటి సంకేతం అందులో మునిగిపోతుంది. ఆఫీసు నంబరు బావకు ఇచ్చే వచ్చాను గానీ, గాలివానకు ఆ లైను తెగిపోయింది. కొలతలు బాగా వచ్చాయన్న సంతోషంతో గేటు దాటి ఫోను తెరిస్తే, అక్క పోయిందని బావ పంపిన మెసేజి. మే నెల ఎండలకు శవాన్ని ఉంచలేక, అప్పటికే సమాధుల తోటలో పూడ్చేశారు.

నేను ఇల్లు చేరేసరికి అరుగు మీద నాయన ఒక్కడే కూర్చుని ఉన్నాడు. తిడతాడనుకున్నాను, తిట్టినా బాగుండేది.

"దొరికిందామ్మా నీ చుక్క? అక్క శానాసార్లు అడిగింది" అన్నాడు.

దొరికిందని తలూపి, ఆయన ఒళ్లో తల పెట్టుకొని ఏడ్చాను.

ఇప్పుడు మా చేలల్లో కూడా టవర్లు లేచాయి, చావు కబురు నిమిషంలో అందరికీ చేరుతుంది, పోయినవాళ్ల ముఖాన్ని రాలేనివాళ్లకు ఫోనులోనే చూపిస్తున్నారు. మంచిదే. ఆ రోజు మాత్రం అక్క ముఖం ఎలా ఉందో నేను బావనూ అడగలేదు, నాయననూ అడగలేదు, ఇప్పుడు అడుగుదామంటే ఇద్దరూ లేరు.