చెల్లి ఇంటర్వ్యూ, చీర డిజైను, ఒక పాత కంప్యూటరు

లాక్‌డౌన్‌లో రింగ్ రోడ్ బట్టల మార్కెట్లు మూతపడ్డాక, చీరల డిజైన్లు గీసే నా పని ఇంటికొచ్చింది. ఆఫీసు పాత కంప్యూటరు కూడా దానితోపాటే వచ్చింది. బతుకుదెరువుకు వలసొచ్చిన మాది కోసాడ్‌లో ఒక గది, వంటిల్లు. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన బాపు కూడా, తాను నడిపే మరమగ్గాలు ఆగిపోవడంతో ఇంట్లోనే ఉన్నాడు.

ఆ రోజుల్లోనే చెల్లికి నర్సింగ్ కాలేజీ నుంచి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ కబురొచ్చింది. చిన్న పరీక్ష కూడా ఉంటుందనీ, ఫోన్ పనికిరాదనీ చెప్పారు. ముందురోజు ఆ కంప్యూటరుకు కెమెరా పెట్టి సాధన చేస్తుంటే తెరమీద బొమ్మ మధ్యలోనే బిగుసుకుపోయింది. చెల్లి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అక్కా, రేపు గిట్లనే ఆగితే ఏంది నా గతి?"

లోపల ఏ పని ఎంత బరువు వేస్తోందో చూశాను. మేము వాడని ప్రోగ్రాములు స్విచ్ వేయగానే వాటంతటవే మొదలవుతున్నాయి. వాటిని ఆపేశాను. రోజూ పొద్దున్నే నడిచే వైరస్ తనిఖీని భోజనాల వేళకు మార్చాను. అన్నిటికన్నా బరువు నా డిజైనే. అంచు, బుటా, కొంగు అన్నీ ఒకే ఫైల్లో ఉన్నాయి. మూడింటినీ విడదీశాను.

అమ్మ చపాతీలు వత్తడం ఆపి వచ్చి చూసింది. "గిన్ని పనులు ఒక్కదానికే చెప్తే గదేం చేస్తది బిడ్డా? మనిషైతే ఎప్పుడో ఉరికిపోతుండె."

మర్నాడు పొద్దున ఇంటర్వ్యూకి ఇంకాసేపు ఉందనగా మా ఆఫీసు యజమాని సేఠ్ ఫోన్ చేశాడు. పల్సానాలో చీరలు అచ్చువేసే మిల్లు తెరుస్తున్నారట, డిజైన్ వెంటనే కావాలన్నాడు.

"అంచు, బుటా ఇప్పుడే పంపుతాను సేఠ్. కొంగు సాయంత్రం ఇస్తాను" అన్నాను హిందీలో.

ఆయన ఒప్పుకున్నాడు. "సరే, ముందు అంచు పంపు. శాంపిల్ దాంతోనే మొదలుపెట్టిస్తా."

ఫైళ్లు పంపి, డిజైన్ ప్రోగ్రాం మూసేసి కుర్చీ చెల్లికి ఇచ్చాను. అమ్మ, బాపు, నేను వంటింట్లో నేలమీద కూర్చున్నాం. నర్సు ఎందుకు అవ్వాలనుకుంటున్నావని అవతలి మేడం అడగడం వినిపించింది.

"మా బాపు కరోనాతో వార్డులో ఉన్నప్పుడు మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. రోజూ ఒక నర్సు ఫోన్ చేసి, ఆయన అన్నం తిన్నాడని చెప్పేది" అంది చెల్లి గుజరాతీలో.

బాపు తల వంచుకున్నాడు. అమ్మ ఆయన వీపు మీద చేయి వేసింది. కంప్యూటర్ ఒక్కసారి కూడా ఆగలేదు.

కొంతకాలానికి చెల్లికి సీటు వచ్చింది. బాపు మాస్కు పెట్టుకుని, మెట్ల దగ్గరే నిలబడి పక్కింటివాళ్లందరికీ చెప్పాడు.